రెండో జడ దగ్గర ఆగిన చెయ్యి

ఎడమ చేతికి నాడి అందడం లేదు. మనిషి మాత్రం ఎదురుగా కూర్చుని మాట్లాడుతోంది! బీపీ మిషను పాడైందనుకున్నారంతా. అసలు సంగతి తెలిసేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది.

పొద్దున్నే ఏడున్నరకు స్కూలు బస్సు వచ్చేస్తుంది. ఈలోగా అమ్మాయికి రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టాలి. ఒకటో తరగతి పిల్లే కానీ జుట్టు ఒత్తు. మొదటి జడ ఎప్పట్లాగే అయిపోయేది. రెండో జడ సగానికి వచ్చేసరికి ఆమె ఎడమ చెయ్యి బరువెక్కిపోయేది. వేళ్లు తిమ్మిరెక్కేవి. చెయ్యి దించి రెండు నిమిషాలు ఊరుకుంటే మళ్లీ మామూలే. ‘అమ్మా.. బస్సొచ్చేస్తోంది’ అని పిల్ల గొడవ. ‘ఉండవే.. చెయ్యి లాగేస్తోంది’ అని ఆమె విసుగు.

భీమవరానికి దగ్గర్లోనే వాళ్ల ఊరు. భర్త రొయ్యల చెరువుల మీద పని చూస్తాడు. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. శ్రావణమాసం వచ్చిందంటే చేతినిండా పని. రాత్రి పదింటిదాకా మిషను చప్పుడు ఆగేది కాదు. కాబట్టి చెయ్యి నొప్పి అంటే ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ‘పొద్దస్తమానం ఆ మిషను మీద వంగితే లాగదా మరి’ అంది అత్తగారు. ఆమెకీ నిజమేననిపించింది.

అప్పటికి ఆమెకు 27 ఏళ్లు. ఇది 2021 నాటి మాట. అంతకు కొన్ని నెలల ముందే ఇంటిల్లిపాదికీ కరోనా వచ్చి తగ్గింది. ఆ తర్వాత ఆమెకు సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. ఆకలి లేదు. కీళ్లు నొప్పులు. కొలత జాకెట్టు తన ఒంటికే వదులైపోయింది. ‘కరోనా తాలూకు నీరసమేనమ్మా’ అన్నాడు ఊళ్లో ఆర్‌ఎంపీ. బలానికి సూదులు, కాల్షియం బిళ్లలు ఇచ్చాడు. టౌనులో ఒక డాక్టరు టీబీ ఏమోనని ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయించాడు. టీబీ లేదని తేలింది. రక్తపరీక్షలో ఈఎస్‌ఆర్ మాత్రం బాగా ఎక్కువుంది. ‘ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫెక్షన్ ఉంది’ అని యాంటీబయాటిక్స్ రాశారు. కోర్సు అయిపోయింది. జ్వరం అలాగే ఉంది.

మరో డాక్టరు మెడ ఎముకలు అరిగాయన్నాడు. పట్టీ పెట్టుకోమన్నాడు. పెట్టుకుంది. మెడ పక్కన, చెవి కింద తాకితే నొప్పి పుట్టేది. అది చెబితే గొంతు ఇన్‌ఫెక్షన్ అన్నారు. అలా ఒక్కో బాధకూ ఒక్కో పేరు వచ్చింది. అవన్నీ ఒకే జబ్బుకు సంబంధించినవేమో అన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

మిషను బాగానే ఉంది!

ఊళ్లో సబ్‌సెంటరు నర్సమ్మ నెలకోసారి రామాలయం అరుగు మీద కూర్చుని బీపీ, షుగరు చూస్తుంది. పెద్దవాళ్లే వరసలో ఉంటారు. ఆ రోజు ఆమె అత్తగారిని తీసుకుని వెళ్లింది. అత్తగారి వంతు అయ్యాక, ‘నీది కూడా చూపించుకోవే, ఎప్పుడూ నీరసం నీరసం అంటావు’ అంటూ పెద్దావిడే ముందుకు తోసింది.

ఆమె ఎడమ చెయ్యి చాపింది. మిషను బుస్సుమని గాలి పట్టి, వదిలి, చివరికి తప్పు గుర్తు చూపించింది. మళ్లీ పెడితే మళ్లీ అదే. నర్సమ్మ బ్యాటరీలు మార్చింది. లాభం లేదు. పట్టీ తన చేతికే చుట్టుకుని చూసుకుంది. అంకెలు చక్కగా వచ్చాయి. మిషను బాగానే ఉంది!

నర్సమ్మకు అనుమానమొచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. బొటనవేలి మొదట్లో, ఎప్పుడూ తెలిసే చోట ఏమీ తెలియలేదు. వేళ్లు అటూ ఇటూ జరిపింది. లేదు. కుడి చెయ్యి పట్టుకుంది. అక్కడ నాడి గట్టిగా కొట్టుకుంటోంది. పట్టీ కుడి చేతికి చుట్టింది. పైది 172, కిందది 104!

‘మీకు ఎడం చేతి నాడి దొరకట్లేదండీ’ అంది నర్సమ్మ నెమ్మదిగా.

వరసలో ఉన్న ముసలాయన నవ్వేశాడు. ‘నాడి ఆడకపోతే మనిషెలా ఉంటదమ్మా.. నీకు చూడ్డం రాలేదేమో!’

నర్సమ్మ నవ్వలేదు. చీటీ తీసి రెండు వాక్యాలు రాసింది. ‘కుడి చేతి బీపీ 172/104. ఎడమ చేతి బీపీ రాలేదు, నాడి తెలియలేదు.’ కింద తేదీ వేసి ఆమె చేతిలో పెట్టింది. ‘ఇది పారెయ్యకండి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు ఇదే చూపించండి. ఈ వయసుకి ఇంత బీపీ ఉండకూడదండీ’ అని మరీ మరీ చెప్పింది.

ఏడాదిన్నరగా పోగైన రిపోర్టుల సంచిలో ఆఖరికి పనికొచ్చింది ఆ చీటీయే.

కంటి డాక్టరు చూసిన దండ

మన మాటల్లో నాడికి ఎంత విలువో! ‘వాడి నాడి నాకు తెలుసు’ అంటాం. ‘జనం నాడి పట్టాడు’ అని నాయకుణ్ని మెచ్చుకుంటాం. నాడి ఆగిందంటే ఇక మనిషి లేనట్టే. కానీ మనిషి బతికుండగానే, నడుస్తూ మాట్లాడుతూ ఉండగానే చేతి నాడి మాయమయ్యే జబ్బు ఒకటుంది. వైద్యులు దాన్ని చాలాకాలం ‘నాడి లేని జబ్బు’ అనే పిలిచారు. ఇప్పటి పేరు తకయాసు ఆర్టిరైటిస్.

తకయాసు అన్నది జపాన్‌లోని కనజావాకు చెందిన కంటి డాక్టరు పేరు. పూర్తిపేరు మికితో తకయాసు. 1908లో జపాన్ నేత్రవైద్యుల సమావేశంలో ఆయన ఓ యువతి కేసు వివరించాడు. ఆమె కంటి లోపల, చూపు నరం మొదలయ్యే చోటు చుట్టూ సన్నటి రక్తనాళాలు ఒకదాంతో ఒకటి కలిసిపోయి దండలా అల్లుకున్నాయి. అలా ఎందుకైందో ఆయనకూ తెలియలేదు. అదే సభలో మరో డాక్టరు లేచి, తానూ అలాంటి కళ్లే చూశాననీ, ఆ మనిషికి మణికట్టు దగ్గర నాడి అందలేదనీ చెప్పాడు. ఒకరు కన్ను చూశారు. ఇంకొకరు చెయ్యి చూశారు. రెంటికీ మూలం గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళంలో ఉందని తర్వాతి వాళ్లు తేల్చారు. మెడలోంచి తలకు వెళ్లే నాళాలు సన్నబడిపోతే కంటికి రక్తం చాలదు. ఉన్న కాస్త రక్తంతో నెట్టుకురావడానికి అక్కడి సన్న నాళాలు అలా దండ కట్టుకుంటాయి.

మన దేశానికి ఇది కొత్త జబ్బేమీ కాదు. పాశ్చాత్య దేశాల్లోకంటే జపాన్, భారత్ లాంటి ఆసియా దేశాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. అరుదైనదే. అయితే వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అదీ నలభై ఏళ్లలోపు వాళ్లు. పది పదిహేనేళ్ల ఆడపిల్లల్లోనూ మొదలవచ్చు. ఆ వయసులో ఆడవాళ్లు నీరసమన్నా, చెయ్యి లాగుతోందన్నా ‘రక్తం తక్కువ’, ‘పని ఎక్కువ’ అనే మాటలతోనే సరిపోతుంది. జబ్బు దొరక్కుండా తప్పించుకునేది అక్కడే.

గట్టు లోపలికి ఉబ్బితే..

చీటీ పట్టుకుని వాళ్లు ముందు భీమవరంలో గుండె డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన చీటీ చదివి, ఇంకేం మాట్లాడకుండా నాలుగు చోట్లా బీపీ చూశాడు. రెండు చేతులు, రెండు కాళ్లు. తర్వాత స్టెతస్కోపు మెడకు ఆనించాడు. బొడ్డు పైన ఆనించాడు. ‘మీరూ వినండి’ అని గొట్టం ఆమె భర్త చెవుల్లో పెట్టాడు. తోటలో నీళ్ల పైపును వేలితో నొక్కిపట్టినప్పుడు వచ్చే చప్పుడు లాంటిది వినిపించింది. ఇరుకు సందులోంచి రక్తం దూసుకెళుతున్న చప్పుడది.

అక్కడ్నుంచి హైదరాబాద్‌లో కీళ్లవాతం డాక్టరు దగ్గరికి పంపారు. చెయ్యి నాడికీ, కీళ్లవాతం డాక్టరుకూ ఏమిటి సంబంధం అనుకున్నాడు భర్త. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ దారితప్పి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బుల్లో చాలావాటిని రుమటాలజిస్టులే చూస్తారు. ఆ దాడి కీళ్ల మీద జరిగితే కీళ్లవాతం. రక్తనాళాల గోడల మీద జరిగితే వాస్క్యులైటిస్, అంటే రక్తనాళాల వాపు.

డెల్టా మనుషులకు అర్థమయ్యేలా చెప్పింది ఆ డాక్టరమ్మ. ‘మీ పొలానికి నీళ్లు బోదెలోంచి వస్తాయి కదా. బోదెలో చెత్త అడ్డంపడినా నీళ్లు ఆగుతాయి. గట్టే లోపలికి ఉబ్బిపోయినా ఆగుతాయి. పెద్దవయసులో గుండెపోటు వచ్చేవాళ్లకు కొవ్వు అడ్డంపడుతుంది. మీ ఆవిడకు గట్టే వాచింది. వాచి వాచి మందమైపోయి లోపల దారి మూసుకుపోయింది.’

ఈ జబ్బును పట్టిచ్చే రక్తపరీక్ష ఏదీ లేదు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పెరిగితే ఒంట్లో వాపు ఉందని తెలుస్తుంది తప్ప ఎక్కడో తెలియదు. పైగా కొందరిలో అవి మామూలుగా ఉన్నా లోపల జబ్బు నడుస్తూనే ఉంటుంది. ముక్క తీసి పరీక్షించడానికి అది గుండె నుంచి వచ్చే మహాధమని! అందుకే బొమ్మలే ఆధారం. డాప్లర్ స్కాన్‌లో మెడ నాళం గోడ చుట్టూ సమంగా మందమై కనిపించింది. సీటీ యాంజియోగ్రామ్‌లో మొత్తం పటం బయటపడింది. ఎడమ చేతికి వెళ్లే నాళం భుజం దగ్గరే మూసుకుపోయింది. మెడలో ఒకటి సన్నబడింది. ఎడమ మూత్రపిండానికి వెళ్లేది కూడా ఇరుకైంది. రక్తం చాలని మూత్రపిండం ‘ఒత్తిడి పెంచండి’ అని ఒళ్లంతటికీ కబురు పంపుతుంది. 172 వెనకున్న కథ అదీ.

ఎడమ చేతిలో అంకె రాకపోవడం వల్ల అదృష్టవశాత్తూ అనుమానం వచ్చింది. రెండు చేతుల్లోనూ నాళాలు మూసుకుపోయిన వాళ్లూ ఉంటారు. వాళ్లకు చేతిలో చూస్తే బీపీ తక్కువే కనిపిస్తుంది. లోపల మాత్రం గుండె మీద, మెదడు మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంటుంది. అలాంటివాళ్లకు కాలికి పట్టీ కట్టి చూడాల్సిందే.

‘ఇది అంటుకుంటుందా?’ అని అడిగింది అత్తగారు. అంటుకోదు. ‘మా పిల్లకీ వస్తుందా?’ అనడిగింది ఆమె. తల్లి నుంచి బిడ్డకు నేరుగా వచ్చే జబ్బు కాదు. తిండి వల్ల వచ్చిందా, మిషను తొక్కడం వల్లా, దిష్టి వల్లా? ఏదీ కాదు. రక్షణ వ్యవస్థ ఎందుకు దారితప్పుతుందో ఇంకా పూర్తిగా అంతుపట్టలేదు. టీబీతో సంబంధం ఉందేమోనన్న అనుమానం చాలాకాలంగా ఉంది కానీ రుజువు కాలేదు. ఆ సమాధానం విన్నాక ఆమెకు ఏడుపొచ్చింది. తన తప్పు ఏదీ లేదని ఏడాదిన్నరలో ఒకళ్లు చెప్పడం అదే మొదలు.

ఆదివారం మాత్ర

వైద్యం మొదలైంది. మొదట స్టెరాయిడ్. ఎక్కువ మోతాదులో మొదలుపెట్టి, వాపు అణిగేకొద్దీ వారాల తరబడి మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. స్టెరాయిడ్ ఒక్కదాంతోనే నెట్టుకొస్తే తగ్గించగానే జబ్బు తిరగబెడుతుంది. అందుకే దాంతోపాటు రక్షణ వ్యవస్థను అదుపులో ఉంచే మరో మందు. ఆమెకు రాసింది మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. ‘ఏ రోజో మీరే చెప్పండి’ అంటే ఆమె ఆదివారం అంది. డాక్టరమ్మ చీటీ మీద ఎర్ర ఇంకుతో ‘ఆదివారం మాత్రమే’ అని రాసి చుట్టూ గీత గీసింది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని గట్టిగా చెప్పింది. మిగతా రోజుల్లో వేసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ బిళ్ల. మందు వల్ల వచ్చే నోటిపూత, వాంతుల్లాంటి వాటిని అది తగ్గిస్తుంది.

ఆ రెండు బిళ్లల వెనకా భీమవరం మనిషే ఉన్నాడని ఆ ఇంట్లో అప్పటికి ఎవరికీ తెలియదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది ఆయన బృందమే. దానికి విరుగుడుగా పనిచేసే మందుల మీద కూడా అక్కడే కృషి జరిగింది. అందులోంచే 1940లలో పిల్లల రక్తక్యాన్సర్‌కు మొదటి ఆశ కల్పించిన అమైనోప్టెరిన్, ఆ వెంటే మెథోట్రెక్సేట్ వచ్చాయి. సుబ్బారావు 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. క్యాన్సర్ కోసం పుట్టిన మందు తర్వాత చిన్న మోతాదులో కీళ్లవాతానికీ, రక్తనాళాల వాపుకీ పనికొచ్చింది. సముద్రాలు దాటి వెళ్లిన మనిషి చేసిన పని ఇన్నేళ్లకు ఆయన పుట్టిన ఊరి పక్కనే ఓ మందుల డబ్బాలో తేలింది.

స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు దాగి ఉన్న టీబీ, కామెర్ల వైరస్ ఉన్నాయేమో చూశారు. రక్షణ వ్యవస్థను అణిచినప్పుడు అలాంటివి నిద్రలేస్తాయి. ఎముకలకు కాల్షియం, విటమిన్ డి ఇచ్చారు. షుగరు, లివరు పరీక్షలు ఎప్పటికప్పుడు చేయించుకోమన్నారు. బీపీకి వేరే మాత్రలు. ఖర్చుకి చేతి గాజులు బ్యాంకులో పెట్టారు.

చివర్లో డాక్టరమ్మ భర్తను కూడా కూర్చోబెట్టి ఇంకో మాట చెప్పింది. ‘ఈ మందు వాడుతున్నంతకాలం గర్భం రాకూడదు. బిడ్డకు అవకరాలు వస్తాయి.’ ఆ మాటకు అత్తగారి ముఖం మాడిపోయింది. రెండో బిడ్డ కోసం ఆవిడ మావుళ్లమ్మకు మొక్కుకుని అప్పటికి రెండేళ్లు.

ముఖం ఉబ్బిందని..

మూడు వారాల్లో జ్వరం పోయింది. ఆకలేసింది. నిద్రపట్టింది. రెండు నెలలకు జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. ఎడమ చేతి నాడి మాత్రం తిరిగి రాలేదు. పూర్తిగా మూసుకుపోయిన దారి మందులతో తెరుచుకోదు. అయితే పెద్ద కాలవ మూసుకుపోతే నీళ్లు పిల్లకాలవల్లోంచి దారి వెతుక్కున్నట్టు, చుట్టూ ఉన్న సన్న నాళాలు పెద్దవై చేతికి రక్తం అందించసాగాయి. రెండో జడ ముప్పావు దాకా వచ్చేది.

ఇంతలో ముఖం గుండ్రంగా ఉబ్బింది. బుగ్గలు పొంగాయి. స్టెరాయిడ్ వల్ల అలా అవుతుందనీ, మోతాదు తగ్గాక అదీ తగ్గుతుందనీ డాక్టరు చెప్పే ఉంచింది. కానీ ఊళ్లో మాటలు ఊరుకోవు కదా! ‘ఏంటే, ఇంత ఒళ్లు చేశావు?’ అని ఒకరు. ‘స్టెరాయిడా! అవి వాడితే కిడ్నీలు పోతాయంట’ అని ఇంకొకరు. ఆడపడుచు కూతురి పెళ్లిలో ఫొటోగ్రాఫరు పిలిచినా ఆమె స్టేజీ ఎక్కలేదు. వెనక వరసలో కూర్చుండిపోయింది.

ఆ రాత్రి ఇంటికొచ్చాక మందుల డబ్బా తీసి బీరువాలో చీరల కింద పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. ఇంకెందుకీ మందులు? ఆమె లెక్క అది. మనసులో ఇంకో లెక్క కూడా ఉంది. మందులు మానేస్తే రెండో బిడ్డ సంగతి చూసుకోవచ్చు.

రెండో వారంలోనే కళ్లు తిరగడం, వాంతులు, కాళ్లలో సత్తువ లేకపోవడం. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే, మూత్రపిండాల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి ఊరుకుంటాయి. ఉన్నట్టుండి మందు ఆపితే అవి వెంటనే అందుకోలేవు. బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అది చాలదన్నట్టు మెడ పక్కన పాత నొప్పి తిరిగొచ్చింది. ఓ రోజు బావి దగ్గర వంగి లేచేసరికి కళ్ల ముందు తెర దించినట్టయింది. కొన్ని క్షణాలు ఏమీ కనపడలేదు. పక్కనున్న పిల్ల ‘నాన్నా!’ అని అరిచింది.

కారులో హైదరాబాద్ వెళుతుంటే అప్పుడు చెప్పింది.. మందులు మానేసి నెల దాటిందని. భర్త ఏమీ అనలేదు. చాలా దూరం వెళ్లాక, ‘నాకొక మాట చెప్పుంటే బాగుండేది’ అన్నాడు.

స్కాన్‌లో మెడ నాళం ఇదివరకటికంటే ఇరుకైంది. డాక్టరమ్మ తిట్టలేదు. ‘తప్పు నాది కూడా. ముఖం ఉబ్బుతుందని చెప్పాను కానీ, ఉబ్బినప్పుడు నీకెలా ఉంటుందో అడగలేదు’ అంది. స్టెరాయిడ్ మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి మందుల జాబితాలో మార్పులు చేశారు. మెథోట్రెక్సేట్‌లాంటివి పనిచేయకపోతే టోసిలిజుమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లున్నాయి. ధర ఎక్కువే. ఆమెకు అంతదూరం వెళ్లకుండానే వాపు అదుపులోకొచ్చింది. జబ్బు పూర్తిగా చల్లబడ్డాక మూత్రపిండం నాళాన్ని బెలూన్‌తో వెడల్పు చేశారు. గోడలో మంట ఉండగా ఆ పని చేస్తే మళ్లీ మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే అంతకాలం ఆగారు. బీపీ మాత్రలు మూడు నుంచి ఒకటికి తగ్గాయి.

ఒకే ఇంటిపేరు, చాలామంది

రక్తనాళాల వాపు అంటే ఒక్క జబ్బు పేరు కాదు. అదో ఇంటిపేరు. ఏ సైజు నాళం వాచింది, ఏ వయసులో వాచింది అన్నదాన్ని బట్టి పేర్లు మారతాయి.

అయిదేళ్లలోపు పిల్లల్లో ఎక్కువగా వచ్చేది కవాసాకి జబ్బు. తొమిసాకు కవాసాకి అనే జపాన్ పిల్లల డాక్టరు 1961లో మొదటి కేసు చూసి, 1967లో లోకానికి చెప్పాడు. అయిదు రోజులు దాటినా తగ్గని జ్వరం, పుసి లేకుండా ఎర్రబడ్డ కళ్లు, పగిలిన పెదాలు, స్ట్రాబెర్రీ పండులా ఎర్రటి నాలుక, ఒంటిమీద దద్దుర్లు, వాచిన అరచేతులు, మెడలో బిళ్ల.. ఇవీ గుర్తులు. వైద్యం అందకపోతే నలుగురిలో ఒకరికి గుండె నాళాలు బెలూన్‌లా ఉబ్బుతాయి. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తే ఆ ముప్పు చాలా తగ్గిపోతుంది.

పిల్లల కాళ్ల మీద, పిరుదుల మీద నొక్కినా పోని ఎర్రటి మచ్చలు వచ్చి, కడుపునొప్పి, కీళ్లనొప్పి ఉంటే అది సన్న నాళాల వాపు కావచ్చు. చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. అయినా కొన్నాళ్లు మూత్రపరీక్ష చేయిస్తుండాలి. మూత్రపిండాలకు పాకితే పైకి ఏమీ తెలియదు.

యాభై దాటిన వాళ్లలో కొత్తగా కణత తలనొప్పి, నములుతుంటే దవడ నొప్పి, దువ్వెన తగిలితే మాడు మంట.. ఇవి కలిసి వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికెళ్లాలి. ఆలస్యమైతే చూపు పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు. సైనస్ ఎంతకీ తగ్గకుండా ముక్కులోంచి రక్తం చెక్కులు కడుతూ, దగ్గితే రక్తం పడుతూ, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే ఆంకా అనే రక్తపరీక్ష చేయిస్తారు. బీడీ, చుట్ట, సిగరెట్ కాల్చే మగవాళ్లలో కాలివేళ్లు నల్లబడి పుండ్లు పడే జబ్బు మరొకటి. దానికి పొగాకు పూర్తిగా మానేయడమే అసలు మందు. మానకపోతే వేళ్లు, ఆ తర్వాత కాలు తీసేయాల్సి రావచ్చు.

వీటన్నిట్లోనూ కనిపించేది ఒక్కటే. వారాల తరబడి జ్వరం, బరువు తగ్గడం, పెరిగిన ఈఎస్‌ఆర్, ఒంట్లో ఒకదాంతో ఒకటి సంబంధం లేనట్టుండే రెండు మూడు బాధలు. అలాంటప్పుడు ఒక్కో బాధకూ ఒక్కో డాక్టరు దగ్గరికి పరిగెత్తకుండా, అన్నీ ఒకే కాగితం మీద రాసుకుని ఒకరి ముందే పెట్టడం మంచిది.

రెండో చెయ్యి కూడా..

2025 నాటికి ఆమెకు 31 ఏళ్లు వచ్చాయి. ముఖం మామూలైంది. స్టెరాయిడ్ అతి చిన్న మోతాదుకు దిగింది. ఎడమ చేతి నాడి ఇప్పటికీ అందదు. పర్సులో ఓ కార్డు ఉంటుంది. ‘ఎడమ చేతిలో బీపీ చూడకండి, కుడి చేతిలోనే చూడండి. స్టెరాయిడ్ వాడుతున్నాను, ఆపకూడదు’ అని తెలుగులో రాసి ఉంటుంది. ఆ అక్షరాలు మూడో తరగతిలో ఉండగా కూతురు రాసిపెట్టినవి.

రెండో బిడ్డ సంగతి ఇంట్లో ఇప్పుడు దాపరికం లేకుండా మాట్లాడుకుంటున్నారు. జబ్బు కొన్ని నెలలపాటు నిద్రపోయి ఉండాలి. బీపీ అదుపులో ఉండాలి. మెథోట్రెక్సేట్ ముందుగానే ఆపి, గర్భంలో వాడదగ్గ అజాథయోప్రిన్‌కు మారాలి. ఇవన్నీ కుదిరితే తకయాసు ఉన్న ఆడవాళ్లు తల్లులవుతున్నారనీ, అయితే ముందే చెప్పి, గైనకాలజిస్టూ తనూ కలిసి చూసుకుంటేనే అనీ డాక్టరమ్మ చెప్పింది. మందు మార్చారు. మిగతాది చూడాలి. ‘దేవుడిస్తే సరే. లేకపోతే ఈ పిల్ల లేదూ మనకి’ అంది అత్తగారు. మావుళ్లమ్మ మొక్కు మాత్రం ఆవిడ వెనక్కి తీసుకోలేదు.

పొద్దున్నే మొదటి జడ ఆమె వేస్తుంది. రెండోది నానమ్మ వేస్తుంది. పెద్దావిడ వేసిన జడ కొంచెం వదులు. బస్సెక్కేసరికే ఊడుతుందని పిల్ల గొడవ చేస్తుంది. అదొక్కటే తగాదా.

రామాలయం అరుగు మీద నెలకోసారి వరస ఇప్పటికీ ఉంది. నర్సమ్మకు ఇప్పుడో అలవాటు. మొదటిసారి వచ్చినవాళ్లు ఎవరైనా సరే, ఎంత చిన్నవాళ్లయినా సరే, ఒక చేతిలో చూశాక పట్టీ విప్పి రెండో చేతికి చుడుతుంది. రెండు అంకెల మధ్య 10 దాటి తేడా ఉంటే కాసేపాగి మళ్లీ చూస్తుంది. వరస నెమ్మదిగా కదులుతుంది. వెనకున్నవాళ్లు సణుగుతారు.

‘ఒకసారి చూశావు కదమ్మా, ఇంకెందుకు?’

‘ఆయ్.. ఆ చెయ్యి కూడా ఇలా ఇవ్వండి’ అంటుంది నర్సమ్మ.